బాపు బండికి ఎల్ఈడీ బోర్డు

బోధన్ బస్టాండు కాడ మా బాపుది చెరుకు రసం బండి. ఏండ్ల తరబడి డీజిలు ఇంజను పక్కన నిలబడి ఆయన చెవులు దాదాపు పోయినయి. దగ్గరికొచ్చి గట్టిగ చెప్తేనే వినపడ్తది. పోయిన ఎండకాలం ఒకాయన ఐస్ వద్దని మూడుసార్లు చెప్పిండట. బాపు ఐస్ వేసే ఇచ్చిండు. ఆయన గిలాస కింద పారబోసి, "చెవిటోనికి బండెందుకు?" అని పోయిండు. ఈ ముచ్చట నాకు పక్కన పండ్లమ్మే అక్క చెప్పింది. బాపు చెప్పలే.

నేను నిజామాబాద్‌ల సెల్‌ఫోన్ రిపేరు షాపుల పనిచేస్త. అక్షరాలు నడిచే బోర్డు నేనే చేసి బండికి కడ్త అనుకున్న. "నాకు వినపడది, దగ్గరికొచ్చి చెప్పుర్రి" అని దాని మీద రాయాలె. బండి కాడ కరెంటు లేదు. తెలిసిన డ్రైవరన్న ఒకాయన పాత కారు బ్యాటరీ ఇచ్చిండు.

బ్యాటరీది పన్నెండు వోల్టులు, బోర్డుకు కావాల్సింది అయిదే. నడుమ వోల్టేజి తగ్గించే కన్వర్టరు పెట్టాలె. "అయిదు మీదనే పెట్టిన" అన్నడు అమ్మినోడు. నమ్మిన. పొద్దంత మంది ఫోన్లకు మీటరు పెట్టి చూసేదాన్ని, నా బోర్డుకు పెట్టి చూడలే. వైరు కలపంగనే బోర్డు ఒక్కసారి భగ్గున మెరిసి ఆరిపోయింది. ఇల్లంత కాలిన వాసన. నెల రోజులు కూసుండి చేసిన పని! ఆ రోజు నాకు అన్నం తినబుద్ధి కాలే.

మళ్ల చేసిన. ఈసారి మీటరు పెట్టి చూసుకున్న. ఫ్యూజు ఒక్కటే లేకుండె. "ఆదివారం తెచ్చి పెడ్త తీ" అని అట్లనే బండికి కట్టేసిన.

ఆదివారం దాకా ఆగలే. ఇంజను అదురుకు వైర్లు బండి ఇనుప అంచుకు రాసుకొని, తొడుగు చినిగి, రాగి తీగెలు ఇనుముకు తాకినయట. వైరు ఎర్రగ కాలుతుంటే బాపు ఉత్త చేతితోటి గుంజేసిండు. పండ్ల అక్క ఫోన్ చేస్తే ఉరికిన. దవాఖానల ఆయన ఎడమ అరచెయ్యి చూసి నా చెంప నేనే కొట్టుకోవాల్ననిపించింది.

బ్యాటరీలు బాగుచేసే ఒక పెద్దాయన నా పని చూసి తల కొట్టుకున్నడు. "ఇది షాకు కొట్టది బిడ్డా, నిజమే. కానీ కాలుస్తది. ఫ్యూజు లేకుండ ఎట్ల కట్టినవ్?" ప్లస్ బుడిపెకు జానెడు దూరంల అయిదు ఆంపుల ఫ్యూజు పెట్టించిండు. వైర్లు ఇనుముకు రాసుకోకుండ పైపుల దూర్పించిండు. గాలి ఆడేటట్టు బొక్కలున్న డబ్బల బ్యాటరీని కూసోబెట్టించిండు.

బోర్డు మంచిగ వెలిగింది. నేను అటు తిరగంగనే బాపు బందు చేసిండు.

"ఎందుకు బందు చేసినవ్?" అని చెవుల ఒర్రిన.

"నా చెవుల సంగతి ఊరందరికి చాటుతవా? పెట్టేముందు నన్నొక్క మాట అడిగినవా?"

"ఇంత చేసినంక ఇప్పుడు వద్దంటవా?" కోపంతోటి ఏడుపొచ్చింది. కానీ ఆయనన్నది నిజం. నేను అడగలే.

బాపు బోర్డు దిక్కు చూసి, "రాసుడైతే గిట్ల రాయి. ఎన్ని గిలాసలో వేళ్లు సూపుర్రి. ఐస్ వద్దంటే చెయ్యి ఊపుర్రి," అన్నడు.

ఆ మాటలే ఫోన్‌ల కొట్టి బోర్డు మీద మార్చిన. మొదలొచ్చిన ఆయన బోర్డు చదివి, నవ్వుకుంట మూడు వేళ్లు సూపి, చెయ్యి ఊపిండు. బాపు పట్టీ కట్టిన చెయ్యి పక్కకు పెట్టుకొని, ఒక్క చేతితోటి మూడు గిలాసలు నింపిండు.

నాకు సంబురం కావాలె. కాలే. నెల పని, కాలిన చెయ్యి, ఆఖరికి నేను రాసిన మాట కూడ పనికిరాలే. ఆ రోజు బాపుతోటి మాట్లాడకుండనే నిజామాబాద్ బస్సెక్కిన.