సదయ్య స్నానం

గోదావరిఖనిలో సదయ్య ముప్పై ఏళ్ళు బొగ్గు తవ్వి ఒక్కసారీ ఒళ్ళు కడుక్కోలేదు. సరే, అంత లేదు. గని మీద అందరితో కలిసి కడుక్కోలేదు. "సబ్బు అరుగుతదా అన్నా?" అని తోటివాళ్ళు ఏడిపిస్తే నవ్వి, నల్లగానే ఇంటికి నడిచేవాడు. తలుపు మూసి భార్య సారవ్వ నీళ్ళు పోసేది. 2008లో అతను పోయినప్పుడు కూడా ఆమె ఎవరినీ దగ్గరికి రానివ్వక, ఒక్కతే శవానికి స్నానం చేయించింది. దాంతో సదయ్య పుట్టుకతో ఆడమనిషని కాలనీ గుసగుసలాడింది.

ఏడాది తర్వాత పక్కింటి జమున వచ్చి కూర్చుంది. పాతకాలపు అమెరికాలో మగవాళ్ళుగా బతికిన ఆడవాళ్ళ మీద ఆమె హైదరాబాదులో పరిశోధన చేసి పుస్తకం రాస్తోంది. తన ఊరి సదయ్యనూ ఆ పుస్తకంలో గౌరవంగా నిలపాలని ఉందని సారవ్వకు చెప్పింది.

"వాళ్ళ ముచ్చట నీకెట్ల ఎర్కైంది బిడ్డా?" అంది సారవ్వ.

"కోర్టు కాయితాలల్ల ఉన్నది అవ్వా. కొందర్ని సచ్చినంక బట్టలిప్పి చూసిండ్రు, గప్పుడు రాసిండ్రు."

"బతికినన్ని దినాలు మొగోళ్ళేనా?"

"అవునవ్వా."

"సచ్చినంక ఆడోళ్ళను జేసిండ్రు."

సారవ్వ కళ్ళు నిండాయి.

"నీకు చెప్పినోళ్ళు అబద్దం చెప్పిండ్రు. నా మొగడు మొగోడే. గసొంటి ముచ్చటేం లేదు, పో బిడ్డా."