మాకు సెటిల్మెంట్ వద్దమ్మా!

ఒక్క మాటకు భయపడి మనిషి ఎంత దూరం పరుగెత్తగలడో తెలియాలంటే నన్ను చూడండి. నేను డిగ్రీ పాసైనవాణ్ణి. కంప్యూటర్ ముందు కూర్చుంటే మా వీధివాళ్ళు చెప్పులు విప్పి లోపలికి వచ్చేవాళ్ళు. అలాంటి నేను మా నూనె గానుగను, ఓబులేసు మామ సేద్యాన్ని, మా నాయన పరువును ఒకే దెబ్బకు ముంచబోయాను. నవ్వు వస్తే ఆపుకోకండి, మా ఊళ్ళో ఎవరూ ఆపుకోలేదు.

ముదిగుబ్బలో మాది చెక్క గానుగ. వేరుశనగ నూనె తీస్తాం. బెంగళూరు వాళ్ళకు గానుగ నూనె మీద మోజు పెరిగిందని విని నేనే ఒక వెబ్‌సైట్ తయారు చేశాను. సీసా ఫొటో పెళ్ళికూతురు ఫొటోకన్నా బాగా వచ్చింది. కొన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో కట్టే డబ్బు మాకు చేర్చే కంపెనీ ఒకటి కుదిరితే చాలు. దొరికిన కంపెనీలన్నిటికీ నా నంబర్ పంపాను.

మొదటి ఫోన్ హైదరాబాద్ నుంచి. ఆడపిల్ల గొంతు, ఎంతో మర్యాద. నాయనకూ వినపడాలని స్పీకర్ పెట్టాను.

“సార్, మా దగ్గర సెటిల్మెంట్ చాలా ఫాస్ట్. రెండు రోజుల్లో చేసేస్తాం.”

నాయన చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

మీరు మా వైపు వాళ్ళు కాకపోతే ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సీమలో సెటిల్మెంట్ అంటే ఇద్దరి తగాదాను మూడోవాడు తన వరండాలో కూర్చుని తెంచడం. పోయేటప్పుడు న్యాయం మనవైపే ఉంటుంది. వచ్చేటప్పుడు క్షేమంగా వస్తే చాలనిపిస్తుంది. నాయన ఒకప్పుడు పొలం గట్టు కోసం అలాంటి సెటిల్మెంట్‌కు పోయి, గట్టుతో పాటు దాని మీదున్న చింతచెట్టును కూడా పోగొట్టుకుని వచ్చాడు.

“ఎవురితోరా సెటిల్మెంట్?” అన్నాడు గుసగుసగా.

“మాకెవురితోనూ తగాదాల్లేవు మేడం,” అన్నాను.

“తగాదా వస్తే దానికి వేరే టీమ్ ఉంది సార్. అంతా వాళ్ళే చూసుకుంటారు. ఆదివారం కూడా సెటిల్మెంట్ చేస్తాం.”

“ఆదివారం గూడా వస్తారంట! కట్ చెయ్‌రా!”

కట్ చేశాను. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం వచ్చింది. ‘అంటే ఏమిటమ్మా’ అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. చదువుకున్నవాడు అడిగితే బాగుండదని ఊరుకున్నాను. తరువాత ఫోన్ చేసిన కంపెనీ కూడా సెటిల్మెంట్ అంది. దాన్నీ కట్ చేశాను. ఆ తరువాత చేసిన కుర్రాడికి ముందే ‘సెటిల్మెంట్ వద్దు’ అన్నాను. వాడు మాత్రం దేవుడిలా మాట్లాడాడు.

“మా దగ్గర సెటిల్మెంట్ గొడవే లేదన్నా. ఆర్డర్ రాగానే డబ్బు మీ వాలెట్‌లో పడిపోతుంది.”

“ఇదీ పద్ధతంటే!” అన్నాడు నాయన. అక్కడికక్కడే ఒప్పేసుకున్నాం.

ఆర్డర్లు బాగానే వచ్చాయి. ఫోన్ టింగుమన్నప్పుడల్లా నాయన మీసం సవరించుకునేవాడు. ఓబులేసు మామ డబ్బు తరువాత తీసుకుంటానని నమ్మకం మీద ఇచ్చిన వేరుశనగ కాయలన్నీ నూనె అయి బెంగళూరు వెళ్ళిపోయాయి.

అంతలో వాన పడింది. మా వైపు వాన పడడమంటే కబురు కాదు, ఉత్తర్వు. పదును, అంటే నేలలో తడి, ఆరేలోపు విత్తనం పడాలి, లేదంటే ఆ యేడు సేద్యం లేనట్టే. తెల్లారేసరికి మామ గానుగ దగ్గర నిలబడ్డాడు.

“ఏమప్పా, విత్తనాలు తేవల్ల. నా దుడ్లు ఇస్తివంటే పోతా.”

“ఇప్పుడే మామా,” అని ధీమాగా వాలెట్ తెరిచాను. అంకె కనబడుతోంది, తీసే దారి మాత్రం కనబడలేదు. కుర్రాడికి ఫోన్ చేశాను.

“వాలెట్‌లో డబ్బు బ్యాంకుకు పోదన్నా. రీఛార్జిలు చేసుకోవచ్చు, కరెంటు బిల్లులు కట్టుకోవచ్చు.”

“నాకు బ్యాంకులో పడల్లప్పా!”

“దాన్నే సెటిల్మెంట్ అంటారన్నా. మీరే వద్దన్నారు కదా?”

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను వెబ్‌సైట్ వేస్తే ఉన్న నూనె పోయింది. మామ అరుగు మీద కూలబడ్డాడు. “పదును రేపటికి ఆరిపోతాదిరా,” అన్నాడంతే. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

నాయన నన్ను తిట్టలేదు. పైపంచె భుజాన వేసుకుని టీ అంగడి ముందుకు పోయి కేకేశాడు.

“మావాడు రీఛార్జీలు చేస్తాండాడు! ఎవురికి కావల్లన్నా దుడ్లు ఈడియ్యండి!”

“ఏమన్నా, గానుగలో ఇప్పుడు ఫోన్లు ఆడిస్తాండారా?” అని అంగడాయన నవ్వాడు. నవ్వుతూనే ఇంట్లో అందరి నంబర్లూ రాయించి నోట్లు నా చేతిలో పెట్టాడు. ఆ నంబర్లకు వాలెట్‌లో డబ్బుతో రీఛార్జి చేశాను. చర్చి వీధి మేరీ అత్త కరెంటు బిల్లుతో వచ్చింది.

“గడువు ఇంకా ఉండాది గదత్తా?”

“ఉంటే ఉండనీలేరా. పదునుకు గడువుండాదా?”

మీకు దాచడమెందుకు, నాకు అక్కడే కళ్ళు చెమర్చాయి. ఆ రోజు వచ్చినవాళ్ళలో సగం మందికి రీఛార్జి అవసరమే లేదు. ఓబులేసు పొలం బీడు పడకూడదని వచ్చారు. నన్ను చూసి నవ్వడం వాళ్ళు తీసుకున్న వడ్డీ. తాకట్టులో పడ్డ నా తలకాయను ముదిగుబ్బ విడిపించింది, ఆ మేలు నేను మరిచిపోలేను.

మధ్యాహ్నానికి విత్తనాలకు సరిపడా పోగయింది. “నాకింక రావల్సిందానికి నా ఫోన్‌కే రీఛార్జి ఏసెయ్‌రా,” అన్నాడు మామ. ఏడాదికి సరిపడా వేశాను. పదును ఆరకముందే ఆయన విత్తనం వేసేశాడు.

ఆ మర్నాడే నేను బుద్ధిగా సెటిల్మెంట్ ఉన్న కంపెనీకి మారాను. మామ గానుగ దగ్గరికి వస్తే, రోకలి మీద చెయ్యి వేసి అందరి ముందూ ప్రమాణం చేశాను.

“మామా, ఈ గానుగ మీద ఆన. ఇంక తెలీని మాట వినబడితే, అర్థం అడగకుండా ఫోన్ పెట్టను.”

“పెట్టకు సామీ,” అన్నాడు మామ ఆకాశం వైపు చూస్తూ. “విత్తనమైతే ఏసినా, ఇంక రెండో వాన రావల్ల. ఫోన్లో యాడాదికి దుడ్లుండాయి. వానదేవుని నంబరు చెప్పు, నేనూ పెట్టకుండా మాట్లాడతా.”