ప్లేయరు చదవని పెళ్లి

మంచం మీద అమ్మమ్మ, పక్కన పిన్ని, నేను, టీవీ, సీడీ ప్లేయరు. రామచంద్రపురంలో మా కంప్యూటర్లో చెల్లి పెళ్లి వీడియోను చెరిపి మళ్లీ రాసుకునే రీరైటబుల్ డిస్కు మీద రాసి ధవళేశ్వరం తెచ్చాను. మంచం దిగలేని అమ్మమ్మ ఆ పెళ్లికి రాలేదు.

తెర మీద ‘నో డిస్క్’ అని వచ్చింది. తీసి చూస్తే మెరిసే వైపు కుంకుమ బొట్టు.

“పెళ్లి సీడీ కదా అని పెట్టానురా,” అంది పిన్ని.

తుడిచాను. మళ్లీ అదే. పక్కింటివాళ్ల ప్లేయరులోనూ అంతే.

“బొట్టు వల్ల కాదు పిన్నీ. ఈ ప్లేయర్లు ఈ రకం డిస్కును చదవవు. మామూలు సీడీ మీద రాసుకురావాలి.”

“ఇంజనీరింగ్ చదివి ఇదా? ఇప్పుడే వెళ్లు. ఇవాళే అమ్మమ్మ కాస్త తేటగా ఉంది.”

బస్సుల్లో నిలబడి వెళ్లి, నిలబడే తిరిగొచ్చాను. ఈసారి ఆడింది. తాళి కట్టేదాకా చూసి అమ్మమ్మ నిద్రపోయింది. గంట వీడియోలో ఆమె చూసింది ఇరవై రెండు నిమిషాలు.