పెదనాన్న పెట్టెలకు ఆరు ట్వీటర్లు

మా పెదనాన్న ముప్పై ఏళ్ళుగా తన షెడ్డులో కార్ల సొట్టలు తీస్తున్నాడు. రోజంతా రేకు మీద సుత్తితో బాదడమే పని. బాగుపడని తలుపుల్ని పక్కన పడేసేవాడు గానీ, వాటిలోని స్పీకర్లంటే ఆయనకు ప్రాణం. "బండి పోయినా దీని గొంతు పోలేదే!" అంటూ ఓనర్లనడిగి ఇంటికి తెచ్చేసేవాడు.

అరచెయ్యంత స్పీకర్లు నాలుగు పోగయ్యాక, రెండు పెట్టెలు కట్టడానికి పూనుకున్నాడు. విరిగిన మంచం చెక్కలు కోసి, సందులకు జిగురు పూసి, లోపల దూది కుక్కాడు. ఆ దూది ఎక్కణ్ణుంచి వచ్చిందో మధ్యాహ్నం పెద్దమ్మ కునుకు తీయబోయినప్పుడు తెలిసింది.

"ఏవండీ, నా దిండేది?"

"పాడుతోంది," అన్నాడు పెదనాన్న.

మొదటిరోజు మూడో పాటకే ఆంప్లిఫయర్ పెనంలా కాలి నోరు మూసుకుంది. కారు స్పీకర్లు ఎక్కువ కరెంటు లాగుతాయని షెడ్డు పక్కనున్న ఎలక్ట్రీషియన్ చెబితే, ఒక్కో పెట్టెలో రెండింటినీ ఒకదాని వెనక ఒకటి కలిపాడు. ఆ తర్వాత నిక్షేపంగా పలికాయి.

మాకందరికీ నచ్చాయి. ఆయనకే నచ్చలేదు.

"పాడేవాడు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుందే," అని, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్లు ఒక్కో పెట్టెకు ఒక్కోటి బిగించాడు. చాల్లేదన్నాడు. ఇంకో జత. ఊహూఁ. మూడో జత బిగించేసరికి పాట పెడితే చెవిలో సూది గుచ్చినట్టుండేది. పెద్దమ్మ ఉన్న రెండో దిండూ విప్పి, చెవుల్లో దూది పెట్టుకుంది.

పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ గుమ్మంలోకొచ్చి, "అన్నయ్యగారూ, మీ పాటకి నా పళ్ళసెట్టు వణుకుతోంది," అంది.

"అదేంటమ్మా, నాకింకా మందంగానే ఉంది!"

ఒక ఆదివారం పెద్దమ్మ పొయ్యి మీద కుక్కర్ పెట్టి, "మూడు కూతలయ్యాక కట్టెయ్యండి," అని ఆయనకు చెప్పి మేడ మీద బట్టలారెయ్యడానికి వెళ్ళింది. దిగొచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు. పెదనాన్న వంటింటి గుమ్మంలోనే కూర్చుని, పాట కూడా పెట్టకుండా, ఒద్దికగా కూతల కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఎన్ని కూతలేసింది?"

"ఒక్కటీ వెయ్యలేదే."

"పదకొండు!" అని గోడ అవతల నుంచి టీచరమ్మ అరిచింది.

మర్నాడు పెద్దమ్మ ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. పరీక్షలన్నీ చేసి డాక్టరు మెల్లగా చెప్పాడు: "సన్నని శబ్దాలు మీకు అందడం లేదండీ. ఇన్నేళ్ళ సుత్తి దెబ్బలు మీ చెవుల్ని పాడుచేశాయి."

పెద్దమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెదనాన్న మాత్రం చటుక్కున తలెత్తాడు.

"అంటే డాక్టరుగారూ, నా పెట్టెల్లో తప్పేం లేదన్నమాట!"

ఏ పెట్టెల గురించో డాక్టరుకు బోధపడలేదు. బయటికొస్తూ చీటీలు రాసే అమ్మాయికి కూడా ఆ సంగతి చెప్పి వచ్చాడు.

వారానికి చెవుల్లోకి వినికిడి మిషన్లు వచ్చాయి. ఇంటికి నడుస్తూ తన చెప్పులు కీచుమంటుంటే నాలుగుసార్లు ఆగి వాటికేసి చూసుకున్నాడు. ఇంట్లో పాట పెట్టిన మరుక్షణం ఉలిక్కిపడి కట్టేశాడు.

"ఇన్నాళ్ళూ దీన్నెలా భరించారే?"

"ఎన్నిసార్లు మొత్తుకున్నాం!"

"సన్నగా మొత్తుకుంటే నాకెలా వినబడుతుంది?"

అప్పటికప్పుడు స్క్రూడ్రైవర్ అందుకుని నాలుగు ట్వీటర్లు పీకేశాడు. పెట్టెకొకటి చొప్పున మిగిల్చి, పెళ్ళికి ముందు నుంచీ తనకిష్టమైన పాట పెట్టాడు. సగంలో ఆయన ముఖం మారిపోయింది.

"ఇందులో గజ్జెల చప్పుడుందే," అన్నాడు. "నేను మర్చేపోయాను."

ఆ పాట మూడుసార్లు విన్నాడు. పెద్దమ్మ పక్కనే కూర్చుంది, చెవుల్లో దూది లేకుండా.

ఇప్పుడు షెడ్డులో చెవులకు చప్పుడాపే డిప్పలు పెట్టుకోనిదే ఎవర్నీ సుత్తి ముట్టనివ్వడు. ఇంట్లో మాత్రం పెద్దమ్మకు కొత్త చిక్కొచ్చి పడింది. వంటింట్లో ఎంత మెల్లగా గొణిగినా హాల్లోంచి జవాబు వచ్చేస్తోంది. ఆయన్ని తీరిగ్గా తిట్టుకోవాలంటే టీచరమ్మ ఇంటికి వెళ్ళాల్సి వస్తోంది.