తాత మూడో ఫ్రేము

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. కామారెడ్డిలో మేం అద్దెకుండే రెండు గదుల్లో మనుషులకే చోటు లేదు. అయినా ఇది జరిగింది, మా బాత్రూంలోనే.

పెళ్లిళ్లకు డిజిటల్ కెమెరా పట్టుకుని తిరిగే నాకు పాత నలుపు తెలుపు ఫిల్మ్ కడగడం సరదా. అది తెలిసి ఎల్లారెడ్డి నుంచి మా అమ్మమ్మ చెల్లెలు సాయవ్వ పిలిపించింది. ఆమె భర్త, మా తాత, బతికుండగా ఒక్క ఫోటో దిగలేదట. పద్దెనిమిదేళ్ల కింద ఆయన పోయిన పొద్దున స్టూడియో అతన్ని పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి మూడు ఫోటోలు తీయించారు. ఆ సాయంత్రమే దహనం. రీలు కడగకముందే స్టూడియో మూతపడింది. ఈమధ్య ఆ రీలు స్టూడియో పాత సామాన్లలో దొరికిందని ఎవరో ఆమెకు తెచ్చిచ్చారు.

“గోడకు వెట్టుకుంట బిడ్డా. జర కండ్లు తెరిపియ్యి.”

మా దగ్గర అది మామూలే. చనిపోయినవాళ్ల ఫోటో మీద స్టూడియోవాళ్లు బ్రష్షుతో తెరిచిన కళ్లు గీస్తారు.

“తెరిపిస్త అవ్వా. కావాలంటె నవ్విపిస్త గూడ.”

“నీ నోట్ల మన్ను వడ! బతికినన్ని దినాలు నవ్వలే, ఇప్పుడు నవ్వుతడా?”

అంత పాత ఫిల్మ్ మామూలుగా కడిగితే బూడిద రంగే మిగులుతుంది. అందుకే బాత్రూంలో చీకటి చేసి, ఫిల్మ్ కడిగే మందు డెవలపర్‌ను కొంచెం వేడి చేసి, ఎక్కువసేపు ఉంచి, ఫిల్మ్ ఉన్న డబ్బాను ఎక్కువసార్లు ఊపాను. అప్పుడు మధ్య రంగులు పోతాయి. ఉంటే నలుపు, లేకుంటే తెలుపు. మా నాన్న అభిప్రాయాల్లాగా.

మొదటి రెండు ఫ్రేముల్లో తాత కళ్లు మూసి ఉన్నాయి. మూడోదాంట్లో తెరిచి ఉన్నాయి.

రెప్పల నీడేమో అనుకున్నాను. నెగటివ్‌ను ఫోన్‌లో పాజిటివ్‌గా మార్చి, పెద్దది చేసి చూశాను. నల్లగుడ్లు, వాటిలో కిటికీ వెలుగుచుక్క. చూపు కెమెరా వైపు లేదు, పక్కకుంది. ఎవరో గీశారనుకుందామంటే, కళ్లు గీసేది కాగితం మీద. ఆ ఫిల్మ్ రీలులోంచి బయటికి వచ్చిందే నా చేతుల్లో.

మొదటిదాన్ని ప్రింటు తీసి, కళ్లు గీద్దామని బ్రష్షు పట్టి, మళ్లీ పక్కన పెట్టేశాను. చివరికి మూడోదే ప్రింటు తీసి, అద్దం బిగించి ఎల్లారెడ్డి తీసుకెళ్లాను.

సాయవ్వ చాలాసేపు చూసింది.

“మంచిగ గీసినవ్ బిడ్డా. అచ్చం గట్లనే సూస్తుండె.” కొంగుతో అద్దం తుడిచింది. “నేను గా పక్కకే కూసున్న. ఫోటో తీస్తుంటె, ఒక్కపారి ఇటు సూడయ్యా అని మొత్తుకున్న. సచ్చిన మనిషి సూస్తడా అని అందరు నన్ను ఇవతలికి గుంజిన్రు.”

ఆ కళ్లు నేను గీయలేదని ఆమెకు చెప్పలేదు.

ఆలోచిస్తే రెండే కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి, దయ్యం. రెండోది, సాయంత్రం దహనమైన తాత ఆ పొద్దున ఇంకా బతికే ఉండడం.

ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమే అయ్యుండాలని మాత్రం మొక్కుకుంటున్నాను.