అమ్మ బిళ్ళలకు నేను పెట్టిన పేర్లు

అయిదో తరగతిలో బడి మానేశాను. నిజం చెప్పాలంటే, నేను మానకముందే మా అయ్యవారు నా మీద ఆశ మానేశాడు. చదువు అబ్బకపోయినా పేర్లు పెట్టే విద్య మాత్రం అబ్బింది. మా బోగోలు తీరంలో వేటకు పోయే ప్రతివాడికీ ఒక మారుపేరుంది. అందులో సగం నా పుణ్యమే.

ఆ నోటితోనే అమ్మ బిళ్ళలకూ పెట్టాను. బీపీకని మా ఊరి ఆస్పత్రిలో ఇచ్చే ఎర్ర షీటు కలెక్టరు. తలనొప్పి తగ్గడంలేదని కావలిలో ఇంకో డాక్టరుకు చూపిస్తే, ముందు ఏం వాడుతున్నారని ఆయన అడిగాడు. "ఏదో ఎర్ర షీటు సార్" అన్నాను. ఆయన రాసిచ్చిన పచ్చ షీటు తాసిల్దారు. రంగు వేరు, పైన పెద్దక్షరాల పేరు వేరు. రెండూ వేర్వేరు మందులే అనుకుని రోజూ పొద్దున ఇద్దరు ఆఫీసర్లనూ అమ్మ చేతిలో పెట్టేవాణ్ణి. ఆమె నవ్వుతూ మింగేది.

నాలుగో రోజు ఇసుకలో చేపలు ఎండబెడుతూ అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది.

ఆటోలో మా ఊరి ఆస్పత్రికి తీసుకుపోయాం. నర్సమ్మ బీపీ చూసి, "ఏమేం బిళ్ళలు వేస్తా ఉండారన్నా?" అంది.

"కలెక్టరు, తాసిల్దారు."

ఆమె నవ్వలేదు. నా జేబులోని షీట్లు తీసుకుని, వెనక చీమంత అక్షరాల మీద గోరు పెట్టింది.

"రెండూ ఆమ్లోడిపినే అన్నా. కంపెనీలు వేరు, మందు ఒకటే. అమ్మకి ఒకటికి రెండు పడతా ఉండాయి."

సాయంత్రానికి గానీ అమ్మ లేచి కూర్చోలేదు.

అప్పటినుంచి ఆ నర్సమ్మను గమనిస్తున్నాను. ఎవరితోనూ 'బీపీ బిళ్ళ', 'తెల్ల బిళ్ళ' అనదు. డాక్టరు రాసేదీ, ఆమె పలికేదీ, మాకు చీటీ మీద తెలుగులో, ఇంగ్లీషులో రాసిచ్చేదీ ఒకటే పేరు. చేపలమ్మే ముసలమ్మల చేత కూడా, పదిసార్లయినా విసుక్కోకుండా, ఆమ్లోడిపిన్ అని పలికించింది. ఊరందరికీ పేర్లు పెట్టిన నాకు ఆమెకు పెట్టడానికి మాత్రం నోరు రాలేదు.

మొన్న షాపులో మరో కంపెనీది, నీలం షీటు ఇచ్చారు. చీటీతో పోల్చుకునే తెచ్చాను. అమ్మ చేతిలో బిళ్ళ పెడితే నోట వేసుకోలేదు.

"పేరు చదవరా" అంది.

"కన్నకొడుకునమ్మా, నన్ను నమ్మవా?"

"నిన్ను నమ్మే గదరా ఆ దినం పడిపోయింది! ముందు పేరు చదువు."