ఎండలో పరిచిన చక్రాలు

నా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ మా మేనత్త వాళ్ళ ఇనుప పోత కార్ఖానాలోనే గడిచిపోయేవి. రేణిగుంట స్టేషన్‌కు అవతల రేకుల షెడ్డు అది. మామ పోయాక అత్తే నడిపింది. ఇనుము కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, చేలకు నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లకు బరువైన చక్రాలు చేసేవాళ్ళు. వాటికి నల్లరంగు పూయించి లారీకెక్కించే పని మా నాయనది.

ఒకరోజు సత్యవేడు వైపు రైతు ఒకాయన పగిలిన చక్రం ముక్కను గోనెసంచిలో తెచ్చి అత్త ముందు పెట్టాడు. ఇంజన్ తిరుగుతుండగానే పగిలి, ఆ ముక్క ఎగిరి గోడలో దిగబడిందట.

"ఆ పక్కనే నా బిడ్డ నిలబడుకోని ఉన్నిందమ్మా" అన్నాడు.

అత్త ముక్కను తిప్పి చూసింది. పగిలిన చోట గుంత ఉంది. పోతలో గాలి చిక్కుకుంటే అలాంటి గుంతలు పడతాయి. అలాంటి చక్రాన్ని పగలగొట్టి మళ్ళీ కరిగించాలి. దీన్ని మాత్రం ఎవరో మైనంలో ఇనుప రజను కలిపి పూడ్చి, పైన రంగు పూసేశారు.

అందరి అనుమానం అచ్చులు కట్టే మనిషి మీదికి పోయింది. కొత్తగా వచ్చినవాడు, అరవం కలిపి మాట్లాడతాడు, దూరంగా ఒక్కడే కూర్చుని తింటాడు. "వాడేక్కా. నాకు మొదట్నించీ వాడిమింద నమ్మకం లేదు" అని మా నాయనే ముందుగా అన్నాడు. అది విన్నాక ఆ మనిషి చెయ్యి కడుక్కున్నా నాకు దొంగపనిలాగే కనిపించింది.

అత్త ఎవరినీ ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే, రంగు ఆరలేదని చెప్పి, లారీకెక్కాల్సిన చక్రాలన్నీ ఎండలో పరిపించింది. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. చక్రాలకు కాపలా అనుకున్నాను. కాసేపటికి తెలిసింది, ఆమె చూస్తున్నది మనుషుల్ని.

అచ్చుల మనిషి తన ఇసుక తాను తడుపుకుంటున్నాడు. మా నాయన మాత్రం ఒకచోట నిలవలేకపోయాడు. రంగు పాడవుతుందన్నాడు, లారీ వచ్చే వేళైందన్నాడు, నీడకు జరిపిస్తానన్నాడు. అత్త తలూపుతూ కూర్చుంది. మిట్టమధ్యాహ్నం ఇనుము ముట్టుకోలేనంత కాలాక, జడలోంచి పిన్ను తీసి ఆయన ముందు చాచింది.

"నువ్వే గుచ్చి సూడురా."

నాయన తీసుకోలేదు. అత్తే వంగి ఒక చక్రాన్ని గుచ్చింది. ఎండకు మైనం మెత్తబడి, పిన్ను తడిమట్టిలోకి దిగినట్టు దిగింది.

"మళ్ళీ పోత పోస్తే సరుకు చెప్పిన పొద్దుకు అందదు కదక్కా" అన్నాడు నాయన, తల ఎత్తకుండా.

"అందకపోతే తిడతారు. అంతేకదరా."

పిన్ను దిగిన చక్రాలన్నీ ఆయన చేతే సమ్మెటతో పగలగొట్టించింది. అచ్చుల మనిషికి అందరి ముందూ క్షమాపణ చెప్పించింది. అంతకుముందు చక్రాలు కొన్నవాళ్ళందరికీ, మేమొచ్చి చూసేదాకా ఇంజన్ ఆపమని మనిషిని పంపింది.

నాయన మీద ప్రేమ నాకేమీ తగ్గలేదు. కానీ ఆ తర్వాత ఆయన ఏ వస్తువు తెచ్చిచ్చినా, చివరికి నా కాపురానికి కొనిచ్చిన ఇత్తడి బిందెను కూడా, అటూ ఇటూ తిప్పి, అడుగు తడిమి చూడకుండా ఉండలేకపోయేదాన్ని. నేను చూడటం అయ్యేదాకా ఆయన పక్కన నిలబడి ఉండేవాడు.